తట్ట, బండి, చిన్న ట్రాక్టరు

గద్వాల నుండి వెళ్ళి అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో స్థిరపడిన బాల్యమిత్రుడొకడు పోయిన చలికాలం నాకొక ఛాయాచిత్రం పంపాడు. ఇంటి ముందు మోకాలి లోతు మంచు. అందులో నారింజరంగు చిన్న ట్రాక్టరు మీద కూర్చుని, ముందున్న తొట్టితో మంచును పక్కకు నెడుతున్నాడు మావాడు. అదే ట్రాక్టరు ఎండాకాలం గడ్డి కోస్తుందట, పెరట్లో గుంతలు తీస్తుందట, కట్టెలు మోస్తుందట. చిత్రం కింద ఒక మాట రాశాడు: "ఆ కాలంలో మన దిక్కు ఇసొంటివి ఊరికి నాలుగుంటే మనోళ్ళు తట్టలు పట్టుకొని దేశాలు పట్టిపోకపోతుండిరి గదరా!"

చదవగానే నిజమే కదా అనిపించింది. పూట గడిచేసరికి కాదేమో అనిపించింది. ఆ 'కాదేమో'ను తేల్చుకోవడానికే ఈ టపా. సమాధానం కొంచెం దూరం నుండి మొదలుపెట్టవలసి ఉంది. మిత్రులు ఓపిక పట్టాలి.

నాగర్‌కర్నూలును మావైపు పెద్దలు ఇప్పటికీ కందనూలు అంటారు. ఆ పేరుకు రెండు కథలున్నాయి. నాగన, కందన అనే అన్నదమ్ములు ఏలిన ఊరు కనుక ఆ పేరు వచ్చిందని ఒకటి. బారులు తీరి వచ్చే ఎడ్లబండ్లు అక్కడ ఆగి, ఇరుసులకు కందెన కొనుక్కుని రాపిడి పోయేలా పూసుకుని సాగేవి కనుక వచ్చిందని రెండోది. తుంగభద్రకు ఆవలి కర్నూలుకు కూడా ఇలాంటి కథే ఉంది; అలంపురం గుడికి రాళ్ళు తోలిన బండ్లవాళ్ళు నది దాటే ముందు అక్కడ కందెన వేసుకునేవారట. స్థలగాథల్లో చరిత్ర ఎంత ఉంటుందో ఎవరి లెక్క వారిది. నాకు మాత్రం రెండో కథే ఇష్టం. రాజుల పేరు పెట్టుకున్న ఊళ్ళకు లోటు లేదు, ఇరుసుకు పూసే జిడ్డు పేరు పెట్టుకున్న ఊళ్ళెన్ని?

ఆ బండ్లు మోసిన సరుకుల్లో ఏ కవీ కీర్తించని సరుకొకటి ఉంది. చెరువు పూడిక.

గద్వాల, వనపర్తి ఒకప్పటి సంస్థానాలు. వాన తక్కువ, నేల ఎక్కువగా ఎర్ర చెల్క. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో, అలంపురం వైపు నల్లరేగడి ఉన్నా మిగతా చోట్ల నీరు నిలవని నేలే. నదులు పక్కనే పారుతున్నా అవి లోతున పారతాయి, పొలాలు మిట్టన ఉంటాయి. అందుచేత ఇక్కడి వ్యవసాయానికి దిక్కు చెరువే. వనపర్తి సంస్థానంలోని ఏడు పెద్ద చెరువులను సప్త సముద్రాలు అనేవారు. శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడి ఒడ్డున ఉన్న రంగసముద్రం, శంకరసముద్రం వాటిలోవే. కందనూలుకు కేసరిసముద్రం ఉంది. సముద్రం చూడని జనం చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడంలోనే వారి దాహమెంతో తెలుస్తుంది.

చెరువన్నాక పూడుతుంది. వాన నీటితో ఏటా కొంత ఒండ్రు దిగి అడుగున పేరుకుంటుంది. అది తీయకపోతే నీటికి చోటు తగ్గుతుంది. తీసి చెల్కలో పోస్తే నేలకు బంకతనం వచ్చి వాన తేమను నాలుగు రోజులు ఎక్కువ పట్టి ఉంచుతుంది, పేడ ఎరువు తక్కువైనా పంట నిలుస్తుంది. వేసవిలో చెరువెండగానే రైతులు బండ్లు కట్టి పూడికమట్టి తోలుకునేవారు. కట్టకు గండిపడితే పూడ్చడానికి, కొత్త చెరువు తవ్వడానికి ఉప్పరులు, ఒడ్డెలు ఉండేవారు. నీళ్ళు వదలడానికి నీరటి ఉండేవాడు. చెరువు కట్టించినవారికీ బాగుచేసినవారికీ ఆయకట్టులో దశబంధం ఇనాములుండేవి. ఈ ఏర్పాటును స్వర్ణయుగంలా వర్ణించే వ్యాసాలు చాలా చదివాను. అందులో వెట్టి ఎంత, ఇష్టం ఎంత అన్న ప్రశ్న వాటిలో కనిపించదు. తట్ట ఎత్తినవాడికీ ఆయకట్టులో పొలమున్నవాడికీ మధ్య ఉన్న దూరం ఆనాడూ ఉంది. ఈ సంగతి మళ్ళీ అవసరమవుతుంది కనుక గుర్తుంచుకోండి.

1949లో హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు రద్దయ్యాయి, 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. రావలసిన చట్టాలే. కాని చెరువు ఎవరిదన్న దానికి పాత జవాబు పోయి కొత్త జవాబు కాగితం మీదే ఉండిపోయింది. పెద్ద చెరువులు నీటిపారుదల శాఖకు, చిన్నవి పంచాయతీ వ్యవస్థకు వెళ్ళాయి. పూడిక తీయడం ఊరి పనిగా ఉన్నది కాస్తా సర్కారు పని అయింది. సర్కారు వచ్చేదాకా ఊరు ఎదురుచూసింది, ఒండ్రు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే మావాళ్ళు వేరే ఊళ్ళ మట్టి మోయడానికి బయలుదేరారు. 'పాలమూరు లేబర్' అన్న మాట దేశమంతా తెలిసిన కాలమది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం యంత్రాల కన్నా మనుషుల చేతుల మీద ఎక్కువగా లేచిన కట్టడం. ఆ చేతుల్లో పాలమూరువి ఎన్నో. ఆ తర్వాత దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి గుంపు మేస్త్రీలు ముందుగా అడ్వాన్సులిచ్చి లారీల్లో ఎక్కించుకుపోయేవారు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. ఆ చట్టం పేరు మా ఊళ్ళో ఒక్కరి నోటా నేను వినలేదు.

మా అవ్వ అలా వెళ్ళివచ్చిన మనిషి. వనపర్తికి దగ్గరి పల్లె మాది. కాలువ పనిలో కొలత ఎలా ఉండేదో ఆమె చెప్పేది. తవ్విన గుంత నడుమ అక్కడక్కడ మట్టి దిమ్మెలను తవ్వకుండా వదిలేవారట, మొదట నేల ఎంత ఎత్తున ఉండేదో తెలియడానికి. కొలిచేవాడు వచ్చి ఆ దిమ్మె ఎత్తు చూసి లెక్క కట్టేవాడు. "ఆ దిమ్మె మీద గడ్డి గుడ ఉంటుండె బిడ్డా, పాత నేలది" అనేది. ఆనకట్టల చరిత్ర పుస్తకాల్లో ఘనపుటడుగులు కనిపిస్తాయి. దిమ్మె మీది గడ్డి కనిపించదు.

ఇప్పుడు ట్రాక్టరు దగ్గరకు వస్తాను.

మా మిత్రుడి మంచు యంత్రానికీ మా ఊరి ట్రాక్టరుకూ మూలపురుషుడు ఒకడే. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. ఆయనకు ముందున్న ట్రాక్టర్లు పనిముట్టును ఎద్దు నాగలిని లాగినట్టు వెనక కట్టి లాగేవి. నాగలి రాతికి తగిలితే ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి, నడిపేవాడి మీదే తిరగబడేది. దీన్ని తట్టుకోవడానికి ట్రాక్టర్లను బరువుగా చేసేవారు; బరువెక్కిన కొద్దీ ఖరీదెక్కేది, చిన్న కమతంలో తిరగడం కష్టమయ్యేది. ఫెర్గూసన్ పనిముట్టును మూడు చోట్ల ట్రాక్టరుకు బిగించి, నూనె ఒత్తిడితో పైకీ కిందికీ కదిలేలా చేశాడు. దాంతో నాగలి లాగుడు బలమే వెనక చక్రాలను నేలకు అదిమిపట్టింది. అంటే తేలికైన చిన్న ట్రాక్టరు కూడా బరువైన పని చేయగలదన్నమాట. ఇంకో మేలూ జరిగింది. ఆ మూడు బిగింపుల దగ్గర ఏ పనిముట్టయినా తగిలించవచ్చు. ఇవాళ నాగలి, రేపు గొర్రు, ఎల్లుండి చదునుచేసే పలక. ఇంటి చుట్టూ పది పనులు చేసే చిన్న ట్రాక్టరు అన్న ఆలోచనకు ఆయువుపట్టు ఇదే.

1939లో ఫోర్డు కంపెనీతో కలిసి, 1946 నుండి కవెంట్రీ నగరంలో సొంత పేరుతో ఆయన ఈ పద్ధతిలో ట్రాక్టర్లు తెచ్చాడు. కవెంట్రీలో తయారైన బూడిదరంగు టీఈ20 పదేళ్ళలో 5 లక్షలకు పైగా అమ్ముడైంది. దాని శక్తి ఇరవై నుండి ఇరవై ఎనిమిది అశ్వశక్తి, అంటే ఈనాటి లెక్కలో చిన్న ట్రాక్టరే. మంచు మాట వచ్చింది కనుక చెప్పాలి: ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ దక్షిణ ధ్రువానికి వెళ్ళింది ఈ ట్రాక్టర్ల మీదనే. చక్రాలకు పట్టాలు తొడిగించి, మూడు ట్రాక్టర్లతో రమారమి 2000 కిలోమీటర్ల మంచుమైదానం దాటి 1958 జనవరి 4న ధ్రువం చేరాడు. మోటారు బండి మీద నేలదారిన అక్కడికి చేరినవాళ్ళలో మొదటివాళ్ళు వాళ్ళే. పొలం దున్నే బండి!

ఫెర్గూసన్ కంపెనీ 1953లో మాసీ హారిస్‌లో కలిసింది. ఆ మాసీ ఫెర్గూసన్ సహకారంతో 1960లో మద్రాసులో టాఫే పుట్టింది. అంతకు ముందు ఏడాదే ఐషర్ వాళ్ళు ఫరీదాబాదు నుండి దేశంలో తయారైన తొలి ట్రాక్టరును బయటికి తెచ్చారు. 1963లో మహీంద్రా వచ్చింది. దక్షిణ ధ్రువం చేరిన బండి వంశంలోని బండి మా పల్లెలకు 'మాసీ' అన్న ఒక్క మాటగా చేరింది. కంపెనీ పేరని చాలామందికి తెలియదు, అదొక జాతి పేరనుకునేవారు, ఒంగోలు ఎద్దు అన్నట్టు.

అయితే మా దగ్గరకు వచ్చింది ఇంటి పనుల చిన్న బండిగా కాదు. ముప్ఫై ఐదు అశ్వశక్తి బండిగా, పెద్దరైతు వాకిట్లో, గంటకింతని కిరాయికి. పైగా దున్నడం కన్నా దాని రాబడి ట్రాలీలో ఉండేది. ఒక ట్రాలీలో వంద ఘనపుటడుగుల దాకా మట్టి పడుతుంది, నాలుగైదు ఎడ్లబండ్ల పెట్టు. ఇసుక, ఇటుకలు, రాయి, వేరుశనగ బస్తాలు, పెళ్ళి జనం, జాతర జనం. ఏడాదిలో నాగలి కట్టే రోజులు కొన్నే, ట్రాలీ తగిలించే రోజులు చాలా. ట్రాక్టరు నాగలిని మార్చిందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. మా జిల్లాలో అది ముందు మార్చింది బండిని అని నా అభిప్రాయం. కందెన పూసిన ఇరుసు పోయి గ్రీసు పట్టిన ఇరుసు వచ్చింది.

మా చిన్నాయన 1996లో పాత మాసీ ఒకటి కొన్నాడు. రెండు జతల ఎడ్లను సంతలో అమ్మాడు, మిగతాది అప్పు. ఎడ్లను తోలుకుపోయిన రోజు అవ్వ అన్నం తినలేదు. నేను మాత్రం ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని ఊరంతా తిరిగాను. ఆ వయసు అటువంటిది. నాలుగేళ్ళు బాగానే నడిచింది. తర్వాత వరుస కరువులు. 2002లో వాన ముఖం చాటేసింది. దున్నించేవాడు లేడు, ఇల్లు కట్టేవాడు లేడు, కిరాయి లేదు. బోర్లు వేసి ఎండబెట్టుకున్నవాళ్ళే ఊరంతా. వాయిదాలు తప్పాయి. 2003లో ఒక తెల్లవారుజామున ఫైనాన్సువాళ్ళు వచ్చి బండిని తోలుకుపోయారు. మనిషిని లేపనైనా లేపలేదు. వాకిట్లో నూనె మరక చూసి చిన్నాయనకు తెలిసింది.

ఆ తర్వాత ఆయన మహారాష్ట్రలో ఒక కాలువ పనికి వెళ్ళాడు. తట్ట పట్టుకుని కాదు, కాంట్రాక్టరు ట్రాక్టరు నడపడానికి. అవ్వ తట్టతో వెళ్ళిన దారినే కొడుకు స్టీరింగుతో వెళ్ళాడు. మా మిత్రుడికి నేనివ్వదలచిన సమాధానంలో సగం ఇదే. యంత్రం లేక మనవాళ్ళు పోలేదు. పొలానికి నీరు లేక పోయారు, నీరు నిలిపే చెరువు పూడిపోయి పోయారు. యంత్రం వచ్చాక కూడా, అప్పు తీర్చే పంట లేనివాడు దాంతోపాటే పోయాడు.

మిగతా సగం 2015 తర్వాతిది.

తెలంగాణ ఏర్పడ్డాక 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. లక్ష్యం 46 వేల పైచిలుకు చెరువులు. ప్రొక్లెయిన్లు దిగి పూడిక తవ్వాయి. తవ్వి ట్రాక్టర్లో పోసే ఖర్చు ప్రభుత్వానిది. పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. వినడానికి సబబైన ఏర్పాటే. అరవై ఏళ్ళుగా ఎవరిదీ కాకుండా పడి ఉన్న ఒండ్రు మళ్ళీ ఊరిదయింది. ఆ వేసవి నేను ఊళ్ళోనే ఉన్నాను. చెరువు నుండి ఊరికి ఎర్రదుమ్ము తెరలా లేచింది. పగలూ రాత్రీ ట్రాలీల వరుస. నల్లటి ఒండ్రు ఎర్రటి చెల్కల్లో కుప్పలు కుప్పలుగా పడుతుంటే, ఎంత సంతోషించానో చెప్పలేను.

కాని నాలుగు రోజులు చూశాక లెక్క అర్థమయింది. సొంత ట్రాక్టరున్నవాడి పొలం ముందు నిండింది. కిరాయి పెట్టగలిగినవాడిది తర్వాత. చెరువుకు దూరంగా రెండెకరాల చెల్క ఉన్నవాడికి ట్రిప్పు కిరాయి లెక్కేసుకుంటే ఒండ్రు కన్నా యూరియా చవక. పైగా పెద్ద ట్రాలీ పోవడానికి వాడి గట్ల మీద దారి ఉండదు. పక్కవాడి చేను తొక్కితే తగాదా. పూర్వం ఎడ్లబండి ఆ సందుల్లో పోయేది. బండి పోయింది, ఎడ్లు పోయాయి. మట్టి ఉచితం, చక్రం మాత్రం కాదు. పథకం మంచిదే అని ఇప్పటికీ అంటాను. అందరికీ ఒకేలా అందలేదనీ అంటాను.

చిన్న ట్రాక్టరు అవసరం నాకు తెలిసివచ్చింది అప్పుడే. దాని కథ ఆసియాలో వేరు దారిన నడిచింది. జపానులో చిన్న చిన్న వరిమడుల కోసం చేసిన బుల్లి ట్రాక్టరును కుబోటా వాళ్ళు 1969లో అమెరికాకు తీసుకెళ్ళారు, ఇరవై ఒక్క అశ్వశక్తిది. అక్కడి పెద్ద రైతులకు అది బొమ్మ. ఇంటి చుట్టూ నాలుగెకరాలున్నవాళ్ళకు మాత్రం కావలసింది అదే. మా మిత్రుడి నారింజరంగు బండి ఆ వంశమే. మనవైపు, బెంగుళూరులో 1967లో మొదలైన వీయస్టీ కంపెనీ మిత్సుబిషి సహకారంతో పవర్ టిల్లర్లతో పాటు పద్దెనిమిదిన్నర అశ్వశక్తి ట్రాక్టరును తెచ్చింది. తర్వాత మహీంద్రా నుండి పదిహేను అశ్వశక్తి యువరాజ్, 2021లో స్వరాజ్ నుండి పదకొండు అశ్వశక్తి కోడ్ వచ్చాయి.

2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లాలయ్యాయి. భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతలతో కృష్ణ నీరు మిట్టకెక్కింది. సప్త సముద్రాల్లోని రంగసముద్రం, శంకరసముద్రం ఇప్పుడు భీమా పథకం జలాశయాలు. నీరు వస్తుందన్న నమ్మకం కలిగాక చెల్కను చదును చేసి మడికట్టేవాళ్ళు పెరిగారు. గద్వాల వైపు విత్తనపత్తి సాళ్ళ మధ్య, కొల్లాపురం మామిడితోటల్లో కొమ్మల కింద పెద్ద బండి తిరగదు. అక్కడ చిన్న ట్రాక్టర్లు కనిపిస్తున్నాయి. కలుపుకు గుంటక, మందుకు స్ప్రేయరు, వెనక చిన్న ట్రాలీ.

మా ఊళ్ళో అటువంటిది ఒకటి ఉంది. మూడెకరాల రైతుది, మా చిన్నాయన వయసువాడే. రోజంతా గమనించాను. పొద్దున కొట్టంలో పేడ ఎత్తి పెంటకుప్పకు. తర్వాత పత్తిలో గుంటక. మధ్యాహ్నం బర్రెలకు గడ్డి. సాయంత్రం వెనక పలక తగిలించి, వానకు కోసుకుపోయిన దారిని చదును చేశాడు. ఆ దారి ఆయనది కాదు, పదిమందిదీ. ఏడాది కిందట చెరువులో మిగిలిన ఒండ్రు కొద్దికొద్దిగా, ఎడ్లబండి పోయే సందుల గుండానే తోలుకున్నాడట. ఎన్ని ట్రిప్పులని అడిగితే లెక్క పెట్టలేదన్నాడు. అప్పుందా అని అడిగాను. ఉంది. నీళ్ళొచ్చినన్ని రోజులు ఫికరు లేదన్నాడు.

అదీ సంగతి మిత్రమా. ఊరికి నాలుగు చిన్న ట్రాక్టర్లుంటే వలస ఆగేది కాదు. చెరువులో నీళ్ళుండి, ఆ నాలుగూ రెండెకరాలవాడి వాకిట్లో ఉంటే ఆగేదేమో.

ఈ టపా రాసే ముందు చిన్నాయనకు మిచిగన్ చిత్రం చూపించాను. ఫోనును దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ముందు హైడ్రాలిక్ గురించి అడిగాడు, తొట్టి ఎంత ఎత్తు లేస్తదని. తర్వాత అడిగాడు:

"గింత తీసిండ్రు గదా, ఏడ పోస్తరు దాన్ని?"

"పక్కకు నూకుతరు చిన్నాయనా, అంతే. ఎండకాలం దానంతటదే కరిగిపోతది."

"చేనుల పోసుకోరా?"

ఆ ప్రశ్నను అలాగే మావాడికి పంపాను. అక్కడ రాత్రి కాబోలు, జవాబింకా రాలేదు.